పిత్తాశయం వాచినప్పుడు ఆపరేషన్ వెంటనే చేయించాలా, ఆరు వారాలు ఆగాలా?

ప్రశ్న: చిత్తూరు నుంచి ఒక కుమార్తె

అందరికీ నమస్కారం. మా అమ్మ వయసు 57. చాలా ఏళ్లుగా షుగరు ఉంది, బీపీకి మాత్ర వేసుకుంటుంది, గుండె జబ్బేమీ లేదు. ఆదివారం రాత్రి బంధువుల ఇంట్లో విందు భోజనం చేసి వచ్చాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలై, వీపు మీదికీ కుడి భుజం దాకానూ పాకింది. గ్యాస్ అనుకుని సోమవారమంతా మాత్రలతో సరిపెట్టాము. మంగళవారం ఉదయానికి జ్వరమూ వాంతులూ రావడంతో చిత్తూరులోనే ఒక ఆసుపత్రిలో చేర్చాము. పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్‌లో) చాలా రాళ్లు ఉన్నాయని, వాటిలో ఒకటి పిత్తాశయం మెడ దగ్గర ఇరుక్కుపోయిందని, గోడ మందం 5 మిల్లీమీటర్లకు పెరిగిందని, చుట్టూ కొద్దిగా నీరు చేరిందని స్కానింగ్ రిపోర్టులో రాశారు. తెల్ల రక్తకణాలు 14,000 ఉన్నాయి. బిలిరుబిన్ మామూలుగానే ఉంది, కామెర్లు లేవు.

ఈ రోజు బుధవారం. సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నారు. నొప్పి కొంత తగ్గింది. అక్కడి వైద్యులు, వాపు ఉన్నప్పుడు కత్తి పెట్టడం మంచిది కాదనీ, మందులతో చల్లారనిచ్చి ఇంటికి పంపుతామనీ, ఆరు వారాల తర్వాత వస్తే చిన్న రంధ్రాల ద్వారా కీహోల్ ఆపరేషన్ చేస్తామనీ అంటున్నారు. తిరుపతిలో నర్సుగా పనిచేస్తున్న మా పిన్ని కూతురు మాత్రం, ఇంటికి తీసుకువెళ్లవద్దని, ఇదే విడతలో తీయించేయమని గట్టిగా చెబుతోంది. మాకు మామిడి తోట ఉంది. తోతాపురి కోతలు మొదలయ్యాయి, కాయ గుజ్జు ఫ్యాక్టరీకి తోలాలి. ఆరు వారాలంటే కోతలూ ముగుస్తాయి కదా అని నాన్న అభిప్రాయం. కోతల కోసం అమ్మను ఆపాలన్నది ఆయన ఉద్దేశం కాదు. వైద్యుడే ఆగమన్నప్పుడు మనకెందుకు తొందర అని ఆయన ప్రశ్న. ఇద్దరిలో ఎవరి మాట సరైనదో, ఎందుకు సరైనదో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: జనరల్ సర్జన్, తిరుపతి

అమ్మా, మీ అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి, ఆమె పొట్ట మీద చేయి వేసి చూసిన వైద్యుడి నిర్ణయాన్ని ఇక్కడి నుంచి కొట్టివేయను. అయితే మీరు రాసిన వివరాలను బట్టి, శరీరం ఆపరేషన్‌ను తట్టుకునే స్థితిలో ఉంటే, మీ పిన్ని కూతురు చెప్పిందే నేటి వైద్యశాస్త్రం చెబుతున్న మాట.

ఆరు వారాలు ఆగాలన్న పద్ధతి ఎక్కడిదో తెలిస్తే మీ నాన్నగారికి సులభంగా నచ్చజెప్పవచ్చు. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి పిత్తాశయాన్ని కోసి తీసినప్పటి నుంచి నూరేళ్ల పాటు ఈ ఆపరేషన్ పొట్ట తెరిచి చేసేదే. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె, 1987లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ మూరే చిన్న రంధ్రాల ద్వారా చేసి చూపించారు. ఆ పద్ధతి కొత్తగా ఉన్న రోజుల్లో, చేతులు ఇంకా అలవాటు పడని స్థితిలో, వాచి ఎర్రబడిన పిత్తాశయం జోలికి పోకూడదనే జాగ్రత్త న్యాయమైనదే. మందులతో వాపు తగ్గించి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ప్రశాంతంగా తీయడం అలా స్థిరపడింది. పరికరాలు, అనుభవం, మత్తు వైద్యం అన్నీ మారిపోయినా ఆ అలవాటు చాలాచోట్ల మిగిలిపోయింది.

లోపల జరిగేది ఇది. రాయి పిత్తాశయం మెడకు అడ్డుపడగానే లోపలి పైత్యరసం బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది, గోడలోకి నీరు చేరుతుంది. మొదటి రెండు నుంచి నాలుగు రోజులు ఈ నీటి వాపు దశ. ఈ దశలో పిత్తాశయానికీ కాలేయానికీ మధ్యనున్న పొరలు నీటితో ఉబ్బి ఉండటం వల్ల, చూసేవారికి భయం గొలిపేలా ఉన్నా, విడదీయడం నిజానికి కష్టం కాదు. ఆ తర్వాత గోడకు రక్తప్రసరణ తగ్గి అక్కడక్కడా కణజాలం చనిపోవడం, వారం దాటేసరికి చీము పట్టడం జరగవచ్చు. రెండో వారం నుంచి శరీరం మాన్పుకునే ప్రయత్నంలో గట్టి అతుకులు ఏర్పడి, పిత్తాశయం, పేగు, పైత్యనాళం ఒకదానికొకటి అంటుకుపోతాయి. సర్జన్‌కు అన్నిటికంటే చెడ్డ కాలం అదే. అందుకే మొదటి వారం దాటిపోయిన రోగికి ఆరు వారాలు ఆగమనడంలో అర్థం ఉంది. మొదటి వారంలోనే మన ముందుకు వచ్చిన రోగిని కూడా ఆ బాటలోకి నెట్టడమే పొరపాటు.

2013లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో జర్మనీ వైద్యులు 618 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి ఆసుపత్రిలో చేరిన 24 గంటలలోపు ఆపరేషన్ చేశారు. రెండో వర్గానికి ముందు యాంటీబయాటిక్ ఇచ్చి 7 నుంచి 45 రోజుల మధ్య చేశారు. వెంటనే చేసినవారిలో ఇబ్బందులు 11.8 శాతం మందికి వస్తే, ఆగినవారిలో 34.4 శాతం మందికి వచ్చాయి. ఆసుపత్రిలో గడిపిన కాలం సగటున మొదటివారికి 5.4 రోజులు, రెండోవారికి 10 రోజులు. కీహోల్ పద్ధతి వదిలి పొట్ట తెరవవలసి రావడంలో ఇరువర్గాలకూ చెప్పుకోదగిన తేడా లేదు. అంటే, వాపు మీద చేస్తే పొట్ట కోయాల్సి వస్తుందన్న భయానికి అక్కడ ఆధారం దొరకలేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2014లోనే, వ్యాధి నిర్ధారణ అయిన వారంలోపు పిత్తాశయం తీయాలని సూచించింది.

మీ అమ్మగారి విషయంలో ఇంకొకటి ఉంది. షుగరు ఉన్నవారిలో పిత్తాశయం గోడ కుళ్లిపోవడం మిగతావారికంటే ఎక్కువ. నరాల స్పర్శ మందగించడం వల్ల లోపల పరిస్థితి ముదురుతున్నా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. యాంటీబయాటిక్‌తో నొప్పి తగ్గినంత మాత్రాన రాయి మెడ దగ్గర నుంచి కదిలిందని అర్థం కాదు.

సమాధానం: పలమనేరు నుంచి ఒక పాఠకుడు

వైద్యుడిని కాను, ఉపాధ్యాయుడిని. మా చిన్నాయనకు జరిగినది చెబుతాను, నిర్ణయానికి ఉపయోగపడుతుందేమో చూడండి. ఆయనకూ ఇలాగే నొప్పి, జ్వరం వచ్చాయి. ఒక ఆసుపత్రిలో చేర్చితే మందులతో తగ్గించి, నెలన్నర తర్వాత రమ్మని పంపారు. ఇంటికి వచ్చాక మనిషి మామూలుగానే తిరగసాగాడు. నొప్పి లేదు కాబట్టి ఆపరేషన్ ఎందుకన్న మాట ఇంట్లో మొదలైంది. ఎవరో చెబితే రాళ్లు కరిగించే కషాయం కూడా తాగాడు. గడువు ఇంకా పూర్తి కాకముందే ఒక రాత్రి మళ్లీ నొప్పి వచ్చింది; ఈసారి కళ్లు పచ్చబడ్డాయి. రాయి పిత్తాశయం నుంచి జారి పెద్ద పైత్యనాళంలో అడ్డుపడిందని చెప్పారు. ముందు నోటి ద్వారా గొట్టం పంపి ఆ రాయిని తీసి, స్టెంట్ వేసి, తర్వాత పిత్తాశయం ఆపరేషన్ చేశారు. అప్పటికి లోపలంతా అతుక్కుపోయి ఉండటంతో పొట్ట తెరవక తప్పలేదు. ఒక్కసారితో పోయేది మూడు విడతలైంది. ఖర్చు సంగతి పక్కన పెడితే, ఆయన కోలుకోవడానికి పట్టిన కాలం చూసి మా ఇంటిల్లిపాదీ భయపడ్డాము. ఆగితే అందరికీ ఇలాగే అవుతుందని నేను అనడం లేదు. ఆగే కాలంలో మనిషి ప్రమాదం లేకుండా ఉంటాడని మాత్రం అనుకోవద్దు.

సమాధానం: ఫిజీషియన్, చిత్తూరు జిల్లా

సర్జన్ గారు చెప్పినదానితో మూలంలో ఏకీభవిస్తున్నాను, కానీ ఈ చర్చ చదివేవారిలో ఇతర పరిస్థితుల్లో ఉన్నవారు కూడా ఉంటారు కాబట్టి ఒక హెచ్చరిక అవసరం. వెంటనే తీయాలన్న నియమం అందరికీ ఒకేలా వర్తించదు. ఇటీవలే గుండెపోటు వచ్చినవారు, కిడ్నీలు దెబ్బతిన్నవారు, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి రక్తపోటు పడిపోతున్నవారు, స్పృహ తప్పుతున్నవారు వేరే కోవకు వస్తారు. ఈ వ్యాధి చికిత్సకు వైద్యులు అనుసరించే అంతర్జాతీయ సూచనలైన టోక్యో మార్గదర్శకాలు దీన్ని మూడు స్థాయిలుగా విభజించాయి. అవయవాలు దెబ్బతినడం మొదలైన మూడో స్థాయిలో ముందు ప్రాణాన్ని నిలబెట్టాలి. అవసరమైతే చర్మం మీదుగా సన్నని గొట్టం పెట్టి పిత్తాశయంలోని చీమును బయటికి తీయాలి, ఆ తర్వాతే మిగతా ఆలోచన.

అయితే ఆ గొట్టాన్ని కూడా అతిగా నమ్ముకోకూడదని ఈ మధ్యకాలపు అనుభవం చెబుతోంది. 2018లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనంలో, ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగులనే తీసుకుని, సగం మందికి ఆపరేషన్, సగం మందికి గొట్టం పెట్టారు. పెద్ద ఇబ్బందులు ఆపరేషన్ అయినవారిలో 12 శాతం మందికి వస్తే, గొట్టం పెట్టినవారిలో 65 శాతం మందికి వచ్చాయి. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని మధ్యలోనే నిలిపివేశారు. అతి విషమ స్థితిలో ఉన్నవారిని అందులో చేర్చుకోలేదన్నది గుర్తుంచుకోవాలి.

నాకు ఇంకొక ఆందోళన ఉంది. వెంటనే అన్న మాట విని అర్ధరాత్రి ఎవరు దొరికితే వారితో చేయించుకోవడం కూడా సరికాదు. పిత్తాశయం పగిలితే, కుళ్లిపోతే, గోడలో గాలి కనబడితే తప్ప, ఇది గంటల మీద చేయవలసిన ఆపరేషన్ కాదు. రోజుల మీద చేయవలసినది. మీ ఊరి ఆసుపత్రిలో వాచిన పిత్తాశయాన్ని కీహోల్ పద్ధతిలో తీసే అనుభవం లేకపోతే, ఆ వైద్యుడు ఆగమనడంలో నిజాయితీ ఉంది. అలాంటప్పుడు ఆరు వారాలు ఆగడం కంటే అనుభవం ఉన్నచోటికి మార్చడం మేలు. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. స్విమ్స్, రుయా ఆసుపత్రులు రెండూ అక్కడే ఉన్నాయి. అటు వేలూరు సీఎంసీ ఇంకా దగ్గర. మాకు ఈ సౌకర్యం ఉంది కాబట్టి ఆరు వారాల మాటకు ఇక్కడ బలం తక్కువ.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు నాన్నకు చదివి వినిపించాను. పలమనేరు మాస్టారు గారి చిన్నాయన సంగతి విన్నాక ఆయన మౌనంగా ఉండిపోయారు. ఇప్పుడు రెండు సందేహాలు మిగిలాయి. నొప్పి మొదలై రేపటికి నాలుగో రోజు. మొదటి 72 గంటల్లో చేస్తేనే మంచిదని ఎక్కడో విన్నాము. ఆ గడువు దాటిపోయినట్టేనా? రెండోది, కీహోల్‌తో మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరిస్తే ఆపరేషన్ చెడిపోయినట్టా? మరొకటి కూడా: అమ్మకు ఈ ఉదయం షుగరు 260 ఉంది. అది అదుపులోకి వచ్చేదాకా ఆపరేషన్ చేయకూడదని వార్డులో ఒకరు అన్నారు.

సమాధానం: జనరల్ సర్జన్, తిరుపతి

72 గంటల లెక్క పూర్తిగా తప్పు కాదు, కానీ అది మూసుకుపోయే తలుపు కాదు. 2013 నాటి టోక్యో మార్గదర్శకాలు ఆ లెక్కకు ప్రాధాన్యం ఇచ్చాయి. 2018లో సవరించినప్పుడు, రోగి తట్టుకోగలిగితే లక్షణాలు మొదలై ఎంతసేపైందన్న దానితో నిమిత్తం లేకుండా త్వరగా చేయమన్నాయి. స్విట్జర్లాండ్ వైద్యులు 2016లో సరిగ్గా మీ ప్రశ్ననే పరీక్షించారు. 72 గంటలు దాటి వచ్చిన 86 మందిని తీసుకుని, కొందరికి అప్పుడే, కొందరికి ఆరు వారాల తర్వాత ఆపరేషన్ చేశారు. ఇబ్బందులు అప్పుడే చేసినవారిలో 14 శాతం, ఆగినవారిలో 39 శాతం. ప్రపంచ అత్యవసర శస్త్రచికిత్సల సంఘం 2020లో చెప్పిన హద్దు ఇది: ఆసుపత్రిలో చేరిన 7 రోజుల్లోపు, లక్షణాలు మొదలైన 10 రోజుల్లోపు. మీకు ఇంకా సమయం ఉంది. అయితే ఆ హద్దు చివరిదాకా వాడుకోవచ్చు కదా అన్న ఆలోచన వద్దు. ఈ ఆపరేషన్ చేసేవాళ్లంగా చెబుతున్నాం, నాలుగో రోజుకూ ఎనిమిదో రోజుకూ చేతికి తగిలే తేడా చాలా ఉంటుంది.

రెండో ప్రశ్నకు సమాధానం నాకు చాలా ముఖ్యమైనది, అందుకే కొంచెం నిదానంగా రాస్తున్నాను. ఈ ఆపరేషన్‌లో మేము నిజంగా భయపడేది పెద్ద పైత్యనాళానికి గాయం కావడం. కీహోల్ పద్ధతిలో అది వెయ్యి ఆపరేషన్లలో సుమారు మూడు నుంచి ఐదింటిలో జరుగుతుంది. జరిగితే మాత్రం రోగి జీవితాంతం దాని ఫలితం అనుభవించవలసి రావచ్చు. దాన్ని తప్పించడానికి 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ ఒక సూత్రం చెప్పారు. పిత్తాశయం అడుగుభాగాన్ని కాలేయం నుంచి కొంతమేర విడదీసి, దానిలోకి వెళ్లేవి రెండే రెండు గొట్టాలని, అంటే ఒక చిన్న నాళం, ఒక ధమని అని, కళ్లారా చూసేదాకా దేనినీ కత్తిరించకూడదు. వాపు వల్ల ఆ దృశ్యం దొరకకపోతే, తెలివైన సర్జన్ మొండిగా ముందుకు పోడు. పొట్ట తెరుస్తాడు, లేదా పిత్తాశయంలో ఎక్కువ భాగం తీసి, రాళ్లన్నీ బయటికి తెచ్చి, ప్రమాదకరమైన మెడ భాగాన్ని కొంత వదిలేస్తాడు. ఈ రెండూ రోగి క్షేమం కోసం తీసుకునే నిర్ణయాలు. వీటిని వైఫల్యం అనకండి. సంతకం చేసే ముందు మీ సర్జన్‌ను అడగవలసింది కూడా ఇదే: లోపల దృశ్యం స్పష్టంగా లేకపోతే మీరు ఏం చేస్తారు? దానికి తడుముకోకుండా సమాధానం చెప్పే వైద్యుడి చేతిలో మీ అమ్మగారిని పెట్టవచ్చు.

రాళ్లను మాత్రమే తీసి పిత్తాశయాన్ని ఉంచవచ్చా అని తరువాత ఎవరో అడుగుతారు, కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. ఉంచకూడదు. రాళ్లు పుట్టే చోటే అది, మళ్లీ పుడతాయి. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం, పిత్తాశయం నిల్వ చేసే సంచి మాత్రమే. తీసేశాక చాలామంది మామూలు భోజనమే చేస్తారు. మొదటి కొన్ని వారాలు నూనె, నెయ్యి తగ్గిస్తే చాలు. కొందరికి కొంతకాలం విరేచనాలు పలచగా అవుతాయి.

సమాధానం: మత్తు వైద్యురాలు, తిరుపతి

షుగరు 260 ఉన్నందుకు ఆపరేషన్ ఆపాలన్న మాటలో కారణం తలకిందులైంది. లోపలి ఇన్ఫెక్షనే షుగరును పెంచుతోంది. ఆ ఇన్ఫెక్షన్ మూలం తీసేదాకా అది పూర్తిగా దిగకపోవచ్చు. ఇన్సులిన్ డ్రిప్‌తో కొన్ని గంటల్లోనే 180 కిందికి తేవడానికి వీలవుతుంది, ఆపరేషన్ సమయానికి మాకు కావలసింది అదే. మూడు నెలల సగటు షుగరు ఎక్కువగా ఉందని ఇలాంటి ఆపరేషన్‌ను వాయిదా వేయము.

అమ్మగారి షుగరు మాత్రల పేర్లు ఒకసారి చూడండి. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వస్తే, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి, వెంటనే ఆ సంగతి వైద్యులకు చెప్పాలి. ముందే అనుకున్న ఆపరేషన్లకైతే ఈ మందులను మూడు రోజుల ముందే ఆపేస్తాము. తిండి లేకుండా ఉన్నప్పుడు వీటివల్ల, రక్తంలో షుగరు పెద్దగా కనబడకపోయినా, కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రమాదం రావచ్చు. ఆపే వ్యవధి లేనప్పుడు కీటోన్ పరీక్ష చేస్తూ జాగ్రత్త పడతాము. రక్తం పలచబడే మాత్రలు, ముఖ్యంగా క్లోపిడోగ్రెల్, వాడుతున్నా చెప్పాలి. ఈసీజీ, క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు అక్కడే చేయించి ఉంటే, ఇక్కడ మళ్లీ ఆ సమయం పోదు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అమ్మ వేసుకునే మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. చీటీ చూసి ఇప్పుడే వార్డులో చెప్పాను. ఆపేశారు, కీటోన్ పరీక్షకు రక్తం తీశారు. ఇక్కడి వైద్యులతో నాన్న స్వయంగా మాట్లాడారు. వాపు మీద చేసే అనుభవం తమ దగ్గర తక్కువని డాక్టరు గారు దాపరికం లేకుండా ఒప్పుకుని, తిరుపతికి పంపడానికి చీటీ రాసిచ్చారు. ఆయన మీద మాకు గౌరవమే కలిగింది. కోతల పని మామయ్య చూసుకుంటానన్నారు. రేపు తెల్లవారుజామున బయలుదేరుతున్నాము. వెంట ఏమేమి తీసుకురావాలి?

సమాధానం: మత్తు వైద్యురాలు, తిరుపతి

స్కానింగ్ రిపోర్టుతో పాటు ఫిల్ములు కూడా, రక్తపరీక్షల కాగితాలన్నీ, ఇప్పటిదాకా ఇచ్చిన యాంటీబయాటిక్ పేరు, ఎన్ని గంటలకు ఇచ్చారో రాసిన షీటు, మాత్రల చీటీ తీసుకురండి. డాపాగ్లిఫ్లోజిన్ చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో, చివరిసారి ఘనాహారం ఎప్పుడు తిన్నారో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇక్కడ అందరూ అదే అడుగుతారు. దారిలో కాఫీ, టిఫిన్ ఏమీ పెట్టవద్దు. సెలైన్ పెట్టిన సూదిని తీయించవద్దు, అది అలాగే ఉంటే మంచిది. సొంత కారులో కాకుండా అంబులెన్స్‌లో రండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించాలనుకుంటే ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకుని, చేరగానే ఆ కౌంటరులో అనుమతి సంగతి అడగండి. ఆ పని నాన్నగారికి అప్పగించి, మీరు అమ్మగారి దగ్గర ఉండండి. ఈ రాత్రి జ్వరం 102 దాటినా, చలితో వణుకు వచ్చినా, మూత్రం తగ్గినా, మాట తడబడినా తెల్లవారేదాకా చూడకుండా అక్కడి డ్యూటీ డాక్టరును వెంటనే పిలిచి, అప్పుడే బయలుదేరండి.